‘స్త్రీ’ని దాటడానికి కుడి బాణం ఎన్నిసార్లు నొక్కాలి? ఒక చిన్న ప్యాచ్‌తో నా అనుభవం

2024 ఆగస్టులో మొదలుపెట్టిన పని 2025 మార్చిలో తేలింది. ప్యాచ్ అంటే ఉన్న ప్రోగ్రామ్‌లో చేర్చమని పంపే కోడ్ మార్పు. నాది చాలా చిన్నది. నేను రోజూ వాడే ఒక ఉచిత టెక్స్ట్ ఎడిటర్‌లో కుడి బాణం, ఎడమ బాణం కీలు సంయుక్తాక్షరం మధ్యలో ఆగకుండా అక్షరం మొత్తాన్ని దాటాలి. అంతే. ఎడిటర్ పేరు కావాలనే రాయడం లేదు. అక్కడి మనుషులతో నాకు పేచీ ఏమీ లేదు, ఇలాంటి మార్పు ఏ ప్రాజెక్టుకు పట్టుకెళ్ళినా దాదాపు ఇదే దారి. మనవాళ్ళెవరైనా రేపు ఇలాంటి పని తలపెడితే ఎక్కడ ఎంత ఆగాల్సొస్తుందో ముందే తెలియాలని రాస్తున్నాను.

ముందు గొడవేమిటో చెప్తాను. మా గుంటూరు పేరు టైప్ చేసి బాణం కీతో నడవండి. గుం, టూ, రు. మూడు నొక్కులు, మూడు అక్షరాలు, ఏ ఇబ్బందీ లేదు. ఏటి అవతలి జిల్లా పేరు ‘కృష్ణా’ టైప్ చేస్తే తేడా తెలుస్తుంది. కంటికి రెండక్షరాలు, కర్సర్‌కి మూడు: కృ, ష్, ణా. ‘రాష్ట్రం’ కంటికి రెండు, కర్సర్‌కి నాలుగు. ‘స్త్రీ’ కంటికి ఒక్కటే, కర్సర్‌కి మూడు. మధ్యలో ఆగినప్పుడు కర్సర్ గీతని ఎక్కడ చూపించాలో ఎడిటర్‌కూ తెలియదు. అక్షరం వెడల్పుని మూడు భాగాలు చేసి ఒక భాగం దగ్గర నిలబెడుతుంది. గీత స మీదుగా పడుతుంది. అది గమనించకుండా స్పేస్ కొడితే ‘స్ త్రీ’ అయి కూర్చుంటుంది.

మా పెదనాన్న విజయవాడ ప్రచురణకర్తలకు ప్రూఫులు దిద్దుతారు. కాగితం మీద దిద్దడం తగ్గింది, ఇప్పుడు ఫైలే పంపిస్తున్నారు. బ్రాడీపేటలో మా ఇంట్లో నేనే ఆయన కంప్యూటర్‌లో ఈ ఎడిటర్ పెట్టాను, తేలిగ్గా ఉంటుందని. జూలైలో ఆయన దిద్ది పంపిన ఫైలు తిరిగొచ్చింది. లేని తప్పులు కొత్తగా చేరాయని అవతలివాళ్ళు అన్నారట. నలభై ఏళ్ళుగా దిద్దుతున్న మనిషి. ఆయన ఏమీ అనలేదు గానీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఫైలు తెరిచి చూస్తే విరిగిన అక్షరాలన్నీ వత్తులున్న చోటే ఉన్నాయి. ఇక కూర్చోలేకపోయాను.

కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకీ ప్రమాణాలు ఖరారు చేసే యూనికోడ్ వాళ్ళు 2023 సెప్టెంబరులో 15.1 వెర్షన్ విడుదల చేసినప్పుడు దీనికి నియమం మార్చారు. అంతకుముందు పొల్లు దగ్గర ముక్క తెగేది. కొత్త నియమం ప్రకారం హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు వస్తే అదంతా ఒకే ముక్క. ‘స్త్రీ’ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు కోడ్‌పాయింట్లు (కంప్యూటర్ విడివిడిగా దాచుకునే గుర్తులు) ఉన్నా ఒకటే అక్షరం. నియమం చేతిలో ఉంది, ఎడిటర్‌లో ఏ గుర్తు ఏ రకమో చెప్పే పట్టిక మార్చి కాస్త కోడ్ రాస్తే పని అయిపోతుంది. ఆగస్టు రెండో వారంలో ప్యాచ్ పంపాను.

రెండో రోజుకే ఎడిటర్ పని చూసేవాళ్ళలో ఒకాయన నుంచి జవాబు వచ్చింది. అంత త్వరగా వస్తుందని అనుకోలేదు. కానీ అది జవాబు కాదు, ప్రశ్న. దీనివల్ల ఎంతమందికి ఉపయోగం అని. నాకు మొహం మీద కొట్టినట్టయింది. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8.11 కోట్ల మంది అని రాసి పంపాను. ఆయన శాంతంగానే బదులిచ్చారు: మాట్లాడేవాళ్ళ సంఖ్య కాదు, ఈ ఎడిటర్‌లో తెలుగు టైప్ చేసేవాళ్ళు ఎలా టైప్ చేస్తారు, వాళ్ళకి మధ్యలో ఆగే అవసరం ఎప్పుడైనా ఉంటుందా, అది చెప్పండి. రాత్రంతా కోపంగా ఉంది. పొద్దున లేచి మళ్ళీ చదివితే అడగాల్సిన మాటే అడిగారనిపించింది.

దానికి జవాబు నా దగ్గర కాదు, విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ నడిపే అక్క దగ్గర ఉంది. పెదనాన్న దిద్దే పుస్తకాలు ఎక్కువగా ఆవిడే టైప్ చేస్తుంది. పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో ఏళ్ళ తరబడి చేసి, ఈమధ్యే యూనికోడ్‌కి మారింది. ఆగస్టు ఆఖరి ఆదివారం దాటాక వెళ్తానని చెప్పాను. ఆగస్టు 31న పట్టిన వాన తెలిసిందే. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అక్క వాళ్ళిల్లు అక్కడే. కింది అంతస్తులో మంచాల ఎత్తున నీళ్ళు. పిల్లల్ని తీసుకుని పైవాళ్ళ డాబా మీద ఉన్నారు. తర్వాత ఇల్లు కడుక్కోవడం, పోయిన సామాన్లు, సర్టిఫికెట్లు. ఆ నెలంతా నేను కర్సర్ మాట ఎత్తలేదు. వెళ్ళింది దుప్పట్లు, బియ్యం పట్టుకుని.

ఈలోగా సెప్టెంబరు 10న యూనికోడ్ 16 వచ్చింది. పట్టికలన్నీ 16కి మార్చి మళ్ళీ పంపమన్నారు. ఇదొక చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మీరు ఎదురుచూస్తున్నంతసేపూ మిగతా కోడ్ కూడా కదులుతూనే ఉంటుంది. మీ ప్యాచ్‌ని ఎప్పటికప్పుడు దానికి సరిపోయేలా చేసుకుంటూ ఉండాలి. ఆ సాయంత్రాలు ఎవరి లెక్కలోకీ రావు.

అక్టోబరులో ఇంకో మెలిక. ప్యాచ్ కొన్ని వరుసలు దాటితే, రాసినవాళ్ళు ఉద్యోగస్థులైతే, ఆ కోడ్ మీద మాకు హక్కు లేదని కంపెనీ నుంచి ఉత్తరం కావాలట. పంపేముందు ఈ సంగతి ఎవరూ చెప్పరు. నేను పనిచేసే చోట హెచ్ఆర్‌కి అసలు ఈ కాగితం ఏమిటో అర్థం కాలేదు. ఉద్యోగం మానేస్తున్నానేమో అనుకుని మా మేనేజర్ ఫోన్ చేశారు. దసరా ముందు పెట్టుకున్న అర్జీకి దీపావళి తర్వాత సంతకం దొరికింది. ఆ సంతకం చేతికొచ్చే వేళకి ఎడిటర్ వాళ్ళ దగ్గర నా ప్రతిపాదన మూతపడిపోయింది. మనిషి కాదు మూసింది, చాలాకాలం కదలిక లేకపోతే దానంతటదే మూసుకునే ఏర్పాటు. తెరవమని ఒక మాట రాస్తే తెరిచారు. అయినా ఆ ‘మూసివేయబడింది’ అన్న ముద్ర చూసినప్పుడు, వరదా ఉత్తరమూ వాళ్ళకి కనబడవు కదా అని గుండె బరువెక్కింది. మీకూ ఇలా అయితే కంగారు పడకండి. ఆలస్యానికి కారణం రెండు ముక్కల్లో రాస్తే చాలు, ఎవరూ నిలదీయరు.

నవంబరు చివర్లో అక్క తనే ఫోన్ చేసింది, “ఏమ్మా, ఆ బాణాల సంగతి చూద్దామన్నావుగా, రా” అని. పొద్దున రైల్లో వెళ్ళి మధ్యాహ్నం దాకా పక్కన కూర్చున్నాను. ఆమె పని ఆపి నా కోసం టైప్ చేసినందుకు అయిదు వందలు ఇవ్వబోతే వద్దంది. బల్ల మీద పెట్టి వచ్చాను. ఒకరి సగం రోజు కూలి ఊరికే తీసుకోకూడదు.

పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ పెట్టి ఒకే పేజీ దిద్దమన్నాను. బాణంతో నడవడం కొత్తది సుఖంగా ఉందని వెంటనే చెప్పింది. అక్షరం అవతలికి వెళ్ళానో లేదో చూసుకునే పని లేదంది. ఆ తర్వాత ‘ష్టేషన్’ అని పడిన చోట ఆగింది. మొదటి ష తీసి స పెట్టాలి. పాత పద్ధతిలో ‘ష్’ తర్వాత కర్సర్ ఆగేది, రెండుసార్లు బ్యాక్‌స్పేస్ కొట్టి స, పొల్లు పెడితే అయిపోయేది. కొత్తదాంట్లో ‘ష్టే’ మొత్తం చెరిపి మళ్ళీ కొట్టాలి. “దాటితే దాటనీ గానీ, లోపలికి పోవడానికి వీల్లేకపోతే నాకొద్దమ్మా ఇది. నా పనంతా వత్తుల్లోనే” అంది. అను ఫాంట్లలో వత్తు విడిగా ఒక బొమ్మ, దాని పక్కన కర్సర్ పెట్టుకుని తీసేయడం ఆమె చేతికి ఇరవై ఏళ్ళ అలవాటు. నేను దీని గురించి ఆలోచించింది చదివే మనిషి వైపు నుంచి, ఆమె చెప్పింది దిద్దే మనిషి వైపు నుంచి. రెండూ నిజమే.

ఆ రోజే ఇంకొకటి చూశాను. ‘సాఫ్ట్‌వేర్’ లో ట్ తర్వాత వే వత్తుగా కిందకి దిగకుండా కనబడని గుర్తు ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఆ చోట కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే పోయేది ఆ కనబడని గుర్తు. ఏ అక్షరమూ పోదు, పక్కనున్న వే మాత్రం వత్తై కిందకి జారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. అక్క ఉలిక్కిపడి “ఇదేంది, నేనేం ముట్టుకోలేదే” అంది. వైరస్ అనుకునేవాళ్ళు కూడా ఉన్నారట.

ఆ మధ్యాహ్నం నుంచి నా వాదన మారలేదు. నడవడం, ముందుకి చెరపడం, వెనక్కి చెరపడం మూడూ వేర్వేరు పనులు. మూడింటికీ ఒకే కొలత పెట్టకూడదు. బాణం అక్షరం మొత్తం దాటాలి. డిలీట్ కీ కర్సర్ ముందున్న అక్షరం మొత్తాన్ని తీసెయ్యాలి, ఎందుకంటే ముందు నుంచి ఒక్క స తీసేస్తే మొదట్లో పొల్లు అనాథగా మిగులుతుంది. బ్యాక్‌స్పేస్ మాత్రం ఒక్కో కోడ్‌పాయింటే తియ్యాలి, ఎందుకంటే మనం టైప్ చేసిన వరుసలోనే వెనక్కి వెళ్తున్నాం. ‘రాష్టం’ అని పడితే సున్నా తీసి, పొల్లు, ర, సున్నా పెడితే ‘రాష్ట్రం’. వీటితోపాటు అక్షరం లోపలికి ఒక్కో అడుగు వేసే కమాండ్ విడిగా ఉండాలి. ఇవన్నీ ఒక పేజీలో, ‘ష్టేషన్’ ఉదాహరణతో సహా రాసి డిసెంబరులో పంపాను.

క్రిస్మస్, కొత్త సంవత్సరం, మనకి సంక్రాంతి. నెలన్నర ఉలుకూ పలుకూ లేదు. ఈ నిశ్శబ్దం వాదన కంటే కష్టం. జనవరిలో మన పండగ అయ్యాక వీడియో కాల్ పెట్టారు, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, యూరప్‌లో వాళ్ళకి సాయంత్రం అయిదు. కరెంటు పోతుందేమోనని ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకున్నాను. పెదనాన్న కూడా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

గట్టి అభ్యంతరం ప్రాజెక్టు బాగోగులు చూసే మెయింటెయినర్లలో అందరికంటే పాతాయనది. ఆయన తెలుగుకి వ్యతిరేకం కాదు. కర్సర్ కమాండ్‌లు మనుషుల వేళ్ళలో ఉంటాయి, వాటిని కదపకూడదు అన్నది ఆయన మాట. వీఐ అనే పాత ఎడిటర్‌ని బిల్ జాయ్ 1976లో ఏడీఎం-3ఏ టెర్మినల్ (తెర, కీబోర్డు కలిసిన పరికరం) మీద రాశారు. ఆ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ కీల మీదే ముద్రించి ఉండేవి. ఆ టెర్మినల్ పోయి దశాబ్దాలైనా జనం ఈనాటికీ ఆ నాలుగు కీలతోనే నడుస్తున్నారు. అలాగే జనం దగ్గర రికార్డు చేసుకున్న మాక్రోలు, అంటే మళ్ళీ మళ్ళీ నడిపించుకునే కమాండ్ల వరుసలు, ఉన్నాయి. మూడు అడుగులు కుడికి వెళ్ళి కామా పెట్టమని చెప్పిన మాక్రో రేపటి నుంచి ఇంకో చోట కామా పెడితే ఎవరు బాధ్యులు? నేను దీన్ని కొట్టిపారెయ్యలేకపోయాను. దిద్దుబాటులో కామా ఎంత ముఖ్యమో నాకు ఇంట్లోనే తెలుసు.

దారి ఇంకొకరు చూపించారు. పాత ‘ముందుకి’ కమాండ్‌ని ముట్టుకోకుండా ఉంచి, అక్షరం దాటే కొత్త కమాండ్ పెట్టి, బాణం కీలని దానికి కట్టడం. అప్పుడు కమాండ్ పేరుతో రాసుకున్న మాక్రోలు ఎప్పటిలాగే నడుస్తాయి. కీ నొక్కులుగా రికార్డు అయినవి మాత్రం మారతాయి. లోపలికి వెళ్ళడానికి విడిగా కమాండ్ కూడా అక్కర్లేకపోయింది, పాతదే ఆ పని చేస్తుంది. నేను డిసెంబరులో రాసిందాని కంటే ఇది చిన్నది, మెరుగైనది.

వీఐ బాటలో వచ్చిన విమ్ ఎడిటర్‌లో డెల్‌కంబైన్ అనే సెట్టింగు ఉంది. అది వేస్తే అక్షరానికి అతుక్కున్న గుర్తులు ఒక్కొక్కటిగా చెరుగుతాయి, వేయకపోతే అక్షరంతో పాటే పోతాయి. బ్యాక్‌స్పేస్ విషయంలో ఇలా సెట్టింగు పెడదామన్నారు. సరేనన్నాను, సెట్టింగు ముట్టుకోనివాళ్ళకి ఒక్కో కోడ్‌పాయింట్‌గానే ఉండాలన్న షరతుతో. అది ఒప్పుకున్నారు.

నేను ఓడిపోయింది కన్నడ దగ్గర. కాల్‌లో ఉన్న బెంగుళూరు ఇంజినీరు అడిగారు, మరి మా వత్తక్షరాల సంగతేమిటని. యూనికోడ్ 15.1 నియమంలో పేరున్నవి దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం. కన్నడ లేదు. మన లిపికి అంత దగ్గరగా ఉండి, వత్తులు అదే తీరున కిందకి దిగే లిపి. ఎడిటర్‌లో మనమే చేర్చుకుందామని నేను గట్టిగా వాదించాను. నియమాన్ని దాటి సొంతంగా ఏదీ చేయకూడదని మిగతావాళ్ళు అన్నారు. వాళ్ళ కారణం నాకు అర్థమైంది, కానీ ఒప్పుకోబుద్ధి కాలేదు, ఇప్పటికీ కావడం లేదు. ఆయన బాధపడ్డట్టు కనిపించలేదు, “మేం యూనికోడ్ వాళ్ళనే అడుగుతాం” అన్నారు.

ఫిబ్రవరి అంతా వేగం గొడవ. కుడికి వెళ్ళడం తేలిక. ఎడమకి వెళ్ళేటప్పుడు వెనకున్నది హల్లు అని తెలిస్తే సరిపోదు. దాని వెనక పొల్లు ఉందా, ఆ పొల్లు వెనక ఇంకో హల్లు ఉందా, మధ్యలో కనబడని గుర్తేమైనా ఉందా అని వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోవాలి. ‘జ్యోత్స్న’లో ‘త్స్న’ మొదలెక్కడో తెలుసుకోవాలంటే అయిదు కోడ్‌పాయింట్లు వెనక్కి నడవాలి. ఒకే వరుసలో లక్షల అక్షరాలున్న లాగ్ ఫైళ్ళు (ప్రోగ్రాములు రాసుకునే చిట్టాలు) తెరిచేవాళ్ళకి ఇది బరువవుతుందని సమీక్షకుడు నిలిపేశాడు. ఇంగ్లిష్ అక్షరం కనబడగానే వెతకడం ఆపేసేలా, పొల్లు లేకపోతే అసలు మొదలే పెట్టకుండా ఉండేలా మార్చాను. అక్షరం ఎక్కడ తెగాలో సరిచూసేందుకు యూనికోడ్ వాళ్ళిచ్చే గ్రాఫీమ్ బ్రేక్ పరీక్షల ఫైలుతో పాటు మన పదాలు కూడా చేర్చాను: స్త్రీ, రాష్ట్రం, కృష్ణా, జ్యోత్స్న, సాఫ్ట్‌వేర్. పరీక్షలు నడిచినప్పుడల్లా ఆ పదాలు వరుసగా తెర మీద పచ్చగా దాటుతుంటే చెప్పలేనంత సంతోషం.

సెట్టింగుకి ఏం పేరు పెట్టాలన్న దాని మీద అసలు మార్పు కంటే ఎక్కువ ఉత్తరాలు నడిచాయి. నేను మధ్యలోనే తప్పుకున్నాను, ఏ పేరైనా ఒకటే.

మార్చి మొదటి వారంలో ప్యాచ్ కలిపారు. పొద్దున పాలు కాస్తుంటే ఫోన్ మోగింది. పెదనాన్నకి చెప్తే కళ్ళద్దాలు తుడుచుకుని “అయితే ఆ పుస్తకం మళ్ళీ పంపమను, దిద్దిస్తా” అన్నారు. అక్కకి చెప్తే, “నాకు పాతది కూడా ఉంటుందిగా?” అని మొదట అదే అడిగింది. ఉంటుంది. ఆమె కంప్యూటర్‌లో కంట్రోల్‌తో బాణం కొడితే లోపలికి, ఉత్త బాణం కొడితే బయటికి వెళ్ళేలా నేనే కట్టి వచ్చాను.

డబ్బు లెక్క చూస్తే రైలు చార్జీలు, అక్కకి ఇచ్చింది, ఉత్తరం ప్రింటూ స్కానూ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. సాయంత్రాల లెక్క వేరు. కొన్ని వారాలు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

పై గీత నుంచి కింది గీతకి దిగేటప్పుడు కర్సర్ ఏ అక్షరం కింద నిలబడాలన్నది ఇంకా తేలలేదు. తెలుగు అక్షరాల వెడల్పులు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, అది విడిగా పెద్ద పని. ఇక మీరు వాడే ఎడిటర్‌లో ఇలాంటి మార్పు వస్తే, కీ నొక్కులతో రికార్డు చేసుకున్న పాత మాక్రోలని ఒక కాపీ మీద నడిపి చూశాకే అసలు ఫైలు మీద నడపండి. ఎక్కడైనా అక్షరం విరిగితే తెర ఫొటో ఒక్కటే పంపకండి. ఫాంటు మారితే బొమ్మ మారిపోతుంది, అవతలివాళ్ళకి తెలుగు రాదు. ఆ పదంలోని కోడ్‌పాయింట్లు వరుసగా రాసి, కర్సర్ ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఆగాలో రెండూ చెప్పండి. నా ప్యాచ్‌లో వాళ్ళు అన్నిటికంటే ముందు చదివింది ఆ వరుసే.